నొక్కు

నికాసియో చినేయా నోరు తెరవగానే
ముందు నాకు కనబడింది పన్ను కాదు,
లోయ.

ఆరేళ్ళప్పుడు పొగమంచులో నేను దారి తప్పితే
నన్ను వెతికింది ఈ నోరే.
చూపుడువేలి కణుపు పళ్ళ మధ్య ఇరికించి
ఇ-డై-రా అని ఈల వేస్తే
ఆ పేరు అరటితోటల మీదుగా
రెండు గండ్లు దాటి వచ్చి
తడిసిన నా చెవిలో కూచుంది.
మా గొమేరా దీవిలో ఎదురింటికి పోవాలన్నా
ఒక పూట దిగాలి, ఒక పూట ఎక్కాలి.
అందుకే పెద్దవాళ్ళు
మాటని మోసుకెళ్ళడం మానేసి
విసరడం నేర్చుకున్నారు.

ఇప్పుడా నోరు నా దీపం కింద ఉంది.
పై వరసలో, ఎడమవైపు, ముందుపన్ను.
చిగురు వదిలేసింది. చీము పట్టింది.
వేలితో తాకితే
మేకలదొడ్డి తలుపులా ఊగుతోంది.
"ఉంచకూడదా, పిల్లా?"
ఎక్స్‌రే చూపించాను.
వేరు చుట్టూ ఎముక కరిగిన చోట నల్లటి నీడ.
చాలాసేపు చూసి
"మా మళ్ళ పైనున్న గుహలాగే ఉంది" అన్నాడు,
ఏదో పాత పరిచయం దొరికినట్టు.

పంటి బిగువున ఓర్చుకోమని
లోకమంతా చెప్తుంది.
నొప్పి ఆ పంటిదే అయినప్పుడు
దేన్ని బిగించాలో మాత్రం చెప్పదు.

సూది గుచ్చాను.
పెదవి మొద్దుబారేదాకా జున్ను ధర గురించి,
వాన చుక్క రాలని నవంబరు గురించి మాట్లాడాడు.
మాట్లాడుతుండగానే మాటలు పక్కకి కారిపోయాయి.
సగం నాకు అర్థం కాలేదు. తల ఊపాను.

పన్ను తీయడమంటే లాగడం కాదు.
లాస్ పాల్మాస్‌లో మాకు మొదట నేర్పింది అదే:
ముందు లోపలికి తోయాలి,
ఆపైన మెల్లగా తిప్పుతూ
ఎముకని ఒప్పించాలి.
ఒప్పుకున్న క్షణం అరచేతికి తెలుస్తుంది,
తడిమట్టిలోంచి ముల్లంగి వచ్చినట్టు
ఒక చిన్న వదులు, అంతే.
కుర్చీలో ఉన్నవాడి చెవికి మాత్రం
అది కొండచరియ.

పళ్ళెంలో టప్పుమంది.
పొడుగాటి వేరు, పొగాకు రంగు.
తిప్పి చూస్తే అంచున ఒక నొక్కు,
నున్నగా, గోరు పట్టేంత.
అరవై ఏళ్ళ వేలి కణుపు
రోజూ ఆనుకుని అరగదీసిన చోటు.
రికార్డులో రాశాను: చిగుళ్ళ వ్యాధి, ఒక పన్ను.
నొక్కు గురించి రాయడానికి
అందులో గడి లేదు.

దూది కరిపించి చెప్పాను:
ఉమ్మొద్దు. వేడి కాఫీ వద్దు.
పది రోజులు ఈల వద్దు.
నోట్లో దూదితో మూడు వేళ్ళు చూపించాడు.
పది, అన్నాను.
అయిదు చూపించాడు.
సంతలో మేకపిల్లని బేరమాడినట్టు.
పన్ను కాగితంలో చుట్టిస్తే
చొక్కా జేబులో, బీడీకట్ట పెట్టుకునే చోట పెట్టుకుని
ఆస్పత్రి మెట్లు దిగిపోయాడు.

నాలుగోరోజు సాయంత్రం
పట్టకార్లు కడుగుతున్నాను.
గండిలోంచి ఈల లేచింది.
మధ్యలో ఎక్కడో చిల్లు,
ఆవిరి తప్పించుకునే కెటిల్‌లా.
అవతలి కొండ కాసేపు ఆలోచించింది.
తర్వాత ఫ్రుక్తువోసో ఈల:
ఎవరది?

అరవై ఏళ్ళలో ఆ ప్రశ్న
ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు.
ఈల వేసేవాడు పేరు చెప్పుకోడు,
ఊపిరే సంతకం.
కుళాయి కట్టలేదు నేను.
కిటికీ తెరిచి తిట్టాల్సింది, ఇంకా ఆరు రోజులుందని.
తిట్టలేదు.

ని-కా-సి-యో.
మూడో ముక్క గాలికి పోయింది.
ఆగాడు.
వేలు కుడివైపుకి జరిపి ఉంటాడు,
ఇన్నాళ్ళూ ఊరికే కూచున్న పళ్ళకి
ముసలితనంలో పని నేర్పుతూ.
మళ్ళీ వేశాడు. మళ్ళీ.
నాలుగోసారికి నాలుగు ముక్కలూ
తడబడుతూ అవతలి గట్టెక్కాయి.

చాలాసేపు గాలి తప్ప ఏమీ లేదు.
తర్వాత అటునుంచి, తీరిగ్గా:
నువ్వేనా, అయితే సరే,
నీ మేక నా చిక్కుళ్ళలో పడింది
వచ్చి తోలుకుపో.